కొత్త కోచ్‌కు ఎంత గడువు ఇవ్వాలి?

2023 మే 17. అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఈస్టర్న్ కాన్ఫరెన్స్ ఫైనల్ (తూర్పు విభాగం విజేతను తేల్చే పోరు) తొలి మ్యాచ్. సొంతగడ్డ మీద ఆడుతున్న బోస్టన్ సెల్టిక్స్ సగం ఆట ముగిసేసరికి తొమ్మిది పాయింట్లు ముందుంది. ఆ తర్వాతి పన్నెండు నిమిషాల్లో మయామీ హీట్ 46 పాయింట్లు కొట్టింది. సెల్టిక్స్ 25 దగ్గరే ఆగిపోయింది. మ్యాచ్ 123-116తో చేజారింది.

ఆ రాత్రి విమర్శలన్నీ ఒక మనిషి మీదికి మళ్లాయి. జట్టు అలా చెదిరిపోతుంటే కోచ్ ఆటను ఎందుకు ఆపలేదు? టైమౌట్లు (జట్టుతో మాట్లాడేందుకు కోచ్ అడిగి తీసుకునే విరామాలు) చేతిలో పెట్టుకుని ఎందుకు చూస్తూ ఉండిపోయాడు? ఆ కోచ్ జో మజుల్లా. వయసు 34. ఎన్‌బీఏలో హెడ్ కోచ్‌గా అది అతనికి మొదటి సీజన్.

సెల్టిక్స్ ఆ సిరీస్ ఓడింది. మజుల్లాను మాత్రం తీసేయలేదు. మరుసటి ఏడాది జూన్‌లో అదే కోచ్‌తో టైటిల్ గెలిచింది.

ఓపిక పడితే ఫలితం దక్కుతుందని ఒక్క ముక్కలో చెప్పి ముగించవచ్చు. కానీ అది సగమే నిజం. ఓపిక పట్టకుండా కోచ్‌ను మార్చి టైటిల్ గెలిచిన జట్టూ ఉంది. మార్చి బోల్తా పడిన జట్టూ ఉంది. మనకూ ఒక నోట ‘నిదానమే ప్రధానం’, ఇంకో నోట ‘ఆలస్యం అమృతం విషం’ అనే అలవాటుంది. ఏది ఎప్పుడు వర్తిస్తుందో సామెత చెప్పదు. కాబట్టి ఓపికను మంచి గుణంగా కాకుండా ఒక ఏర్పాటుగా చూద్దాం. ఎవరు చేస్తారు, దేనితో చేస్తారు, ఎంతకాలం నిలబడుతుంది?

బెంచ్ దగ్గర నిలబడే మనిషి పని

ముందు కోచ్ ఏం చేస్తాడో తెలియాలి. మనం ఎక్కువగా చూసేది క్రికెట్. అక్కడ మ్యాచ్ మొదలయ్యాక కోచ్ బాల్కనీలో ఉంటాడు. బౌలర్‌ను మార్చేది, ఫీల్డర్లను జరిపేది కెప్టెన్. బాస్కెట్‌బాల్‌లో ఆ పని కోచ్‌దే. అతను కోర్టు అంచునే నిలబడి 48 నిమిషాలూ నిర్ణయాలు తీసుకుంటూనే ఉంటాడు.

కోర్టులో ఒక్కో జట్టుకు ఐదుగురే ఉంటారు. మిగిలినవాళ్లు బెంచ్ మీద. ఎవరినైనా ఎన్నిసార్లయినా మార్చవచ్చు. బంతి చేతికొచ్చిన జట్టు 24 సెకన్లలో బుట్టలోకి వేసే ప్రయత్నం చేయాలి. అంటే ఆట స్వరూపం ప్రతి అర నిమిషానికీ మారుతుంది. ఎవరు అలసిపోయారు, ప్రత్యర్థి ఎవరిని లక్ష్యం చేసుకున్నాడు, ఎవరిని ఎప్పుడు లేపాలి అన్నది ఆలోచించేలోపే ఆట ముందుకు వెళ్లిపోతుంది.

ఆపడానికి ఉన్న ఆయుధం టైమౌట్. మ్యాచ్‌కు ఒక్కో జట్టుకు ఏడు. ముందే వాడేస్తే చివరి నిమిషంలో చేతులు ఖాళీ. దాచుకుంటే ఈలోపు మ్యాచే పోవచ్చు. 2019లో ఇంకో ఆయుధం కూడా వచ్చింది. అది చాలెంజ్ (రిఫరీ నిర్ణయాన్ని వీడియోలో మళ్లీ చూడమని కోరే హక్కు). అది వాడాలంటే టైమౌట్ మిగిలి ఉండాలి. చాలెంజ్ తప్పితే ఆ టైమౌట్ పోతుంది.

అసిస్టెంట్ కోచ్‌గా ఎన్నేళ్లు పనిచేసినా ఈ పని పూర్తిగా అబ్బదు. అసిస్టెంట్ సలహా ఇస్తాడు. అతని పక్కనే ఇంకో ఇద్దరు ముగ్గురు వేరే సలహాలు ఇస్తారు. అందులో ఒకటి ఎంచుకుని, మిగతావి వదిలేసి, ఆ ఎంపిక బాధ్యతను రాత్రి విలేకరుల ముందు మోసేవాడు హెడ్ కోచ్. ఆ బరువు కుర్చీతో పాటే వస్తుంది.

అభ్యాసం చేద్దామన్నా తీరిక ఉండదు. సీజన్‌లో 82 మ్యాచ్‌లు. సగటున రెండు రోజులకొకటి. మధ్యలో విమాన ప్రయాణాలు. ఆటగాళ్ల ఒంటికి విశ్రాంతి కావాలి. అందుకే పూర్తి స్థాయి ప్రాక్టీస్ అరుదు. కొత్త కోచ్ తన ఆలోచనను పరీక్షించుకోవాలంటే నిండు స్టేడియంలో, లెక్కలోకి వచ్చే మ్యాచ్‌లోనే పరీక్షించుకోవాలి. పని చేస్తూ నేర్చుకోవడం అంటే ఇక్కడ అర్థం ఇదే. అతను నేర్చుకుంటున్నంతసేపూ గెలుపోటములు నమోదవుతూనే ఉంటాయి.

ఏప్రిల్ వచ్చాక పని స్వభావమే మారిపోతుంది. ప్లేఆఫ్స్‌లో ఒకే ప్రత్యర్థితో ఏడు మ్యాచ్‌ల దాకా ఆడాలి. నాలుగు గెలిచినవాళ్లు ముందుకు. మొన్న పనిచేసిన ఎత్తుకు ఇవాళ అవతలివాడు విరుగుడు తెస్తాడు. ఆ విరుగుడుకు ఎల్లుండికల్లా మనం ఇంకో విరుగుడు వెతకాలి. ఆరు నెలలు అక్కరకొచ్చిన తెలివి ఇక్కడ సరిపోదు. సీజన్‌లో బాగా గెలిచిన కొత్త కోచ్ ప్లేఆఫ్స్‌లో మళ్లీ కొత్తవాడు అవుతాడు.

అనుకోకుండా వచ్చిన కుర్చీ

మజుల్లా ఆ కుర్చీ కోసం ఏళ్ల తరబడి సిద్ధపడి వచ్చినవాడు కాదు. అతనికి ఉన్న హెడ్ కోచ్ అనుభవమంతా ఫెయిర్‌మాంట్ స్టేట్ అనే చిన్న కాలేజీలో రెండేళ్లు. 2019లో సెల్టిక్స్‌లో అసిస్టెంట్‌గా చేరాడు. 2022 జూన్‌లో సెల్టిక్స్ ఎన్‌బీఏ ఫైనల్స్ దాకా వెళ్లి గోల్డెన్ స్టేట్ వారియర్స్ చేతిలో ఓడింది. అప్పటి హెడ్ కోచ్ ఇమే ఉడోకా. ఆ సెప్టెంబర్ 22న క్లబ్ నియమాలను ఉల్లంఘించాడంటూ సెల్టిక్స్ ఉడోకాను సీజన్ మొత్తానికి సస్పెండ్ చేసింది. శిక్షణ శిబిరం మొదలవడానికి రోజులే మిగిలాయి. మజుల్లాను తాత్కాలిక కోచ్‌గా కూర్చోబెట్టారు.

జట్టు సీనియర్ ఆటగాడు అల్ హోర్‌ఫర్డ్ ఈ కోచ్ కంటే రెండేళ్లు పెద్దవాడు. అది ఒక ఇబ్బంది. ఇంకో ఇబ్బంది గురించి తక్కువమంది మాట్లాడారు. పక్కన కూర్చుని సలహా ఇచ్చేవాళ్ల సంఖ్యా తగ్గిపోయింది. ముఖ్య అసిస్టెంట్ విల్ హార్డీ అప్పటికే యూటా జాజ్ హెడ్ కోచ్‌గా వెళ్లిపోయాడు. సీజన్ చివరికొచ్చాక 2023 మార్చిలో డేమన్ స్టౌడమైర్ కూడా కాలేజీ కోచ్ పదవికి వెళ్లాడు. కొత్త కోచ్‌కు అనుభవం లేనప్పుడు చుట్టూ ఉన్నవాళ్ల అనుభవమే ఆసరా. అతనికి ఆ ఆసరా కూడా పలచబడింది.

అయినా మొదటి 22 మ్యాచ్‌లలో సెల్టిక్స్ 18 గెలిచింది. 2023 ఫిబ్రవరి 16న, లీగ్‌లోనే మెరుగైన రికార్డుతో ఉన్నప్పుడు, మజుల్లా పేరు ముందున్న ‘తాత్కాలిక’ అన్న మాట తీసేశారు. సీజన్ 57 గెలుపులు, 25 ఓటములతో ముగిసింది. ప్లేఆఫ్స్ మొదలయ్యాయి. అసలు కథా అప్పుడే మొదలైంది.

రెండో రౌండ్‌లో ప్రత్యర్థి ఫిలడెల్ఫియా. మే 7న నాలుగో మ్యాచ్ అదనపు సమయానికి వెళ్లింది. సుమారు 19 సెకన్లు మిగిలి ఉండగా జేమ్స్ హార్డెన్ త్రీ పాయింటర్ (దూరం నుంచి వేస్తే మూడు పాయింట్లు వచ్చే షాట్) కొట్టి ఫిలడెల్ఫియాను ఒక్క పాయింట్ ముందుకు తీసుకెళ్లాడు. సెల్టిక్స్ చేతిలో టైమౌట్ ఉంది. మజుల్లా తీసుకోలేదు. ఆటగాళ్లు నింపాదిగా ముందుకొచ్చారు. జేసన్ టేటమ్ ఆలస్యంగా బంతి వదిలాడు. మార్కస్ స్మార్ట్ వేసిన షాట్ బుట్టలో పడింది గానీ, అప్పటికే గడియారం సున్నా చూపించింది. 116-115తో ఓటమి.

టైమౌట్ తీసుకోకపోవడం మతిమరుపు కాదు. అది అతని పద్ధతి. ఆటగాళ్లు చిక్కుల్లోంచి తామే బయటపడటం అలవాటు చేసుకోవాలని అతని నమ్మకం. ఆట ఆపితే ప్రత్యర్థి కూడా సర్దుకుంటాడన్న వాదనలోనూ బలం ఉంది. పద్ధతి తప్పని నేను అనను. కాకపోతే ఏ నిమిషంలో పద్ధతిని పక్కన పెట్టాలో తెలియడం వేరే విద్య. అది అప్పటికి అతనికి పూర్తిగా పట్టుబడలేదు.

తర్వాతి మ్యాచ్ కూడా పోయింది. ఇంకొక్కటి ఓడితే ఇంటికే. అప్పుడు మజుల్లా తన మొదటి ఐదుగురిని మార్చాడు. గార్డ్ (బయట నుంచి ఆట నడిపే ఆటగాడు) డెరిక్ వైట్‌ను బెంచ్ మీద కూర్చోబెట్టి, పొడగరి రాబర్ట్ విలియమ్స్‌ను హోర్‌ఫర్డ్ పక్కన దించాడు. ఇద్దరు పొడగరులు ఉంటే బుట్ట దగ్గర కాపలా గట్టిపడుతుంది. అంతకుముందు ఏడాది ఉడోకా ఆడించిన అమరికే ఇది. పాత కోచ్ వాడిందాన్ని తీసుకోవడానికి కొత్త కోచ్‌కు అహం అడ్డురాలేదు. ఆరో మ్యాచ్‌లో ఫిలడెల్ఫియా 86 పాయింట్లకే పరిమితమైంది. ఏడో మ్యాచ్‌లో టేటమ్ 51 పాయింట్లు కొట్టాడు. సిరీస్ సెల్టిక్స్‌ది.

నాలుగు రోజుల్లో ఒక తప్పు, దాని తర్వాత ఒక దిద్దుబాటు. కొత్త కోచ్‌ను అంచనా వేయాలంటే ఈ దూరాన్నే కొలవాలని నా అభిప్రాయం. ఎన్ని తప్పులు చేశాడన్న లెక్క కంటే, సమస్య బయటపడ్డాక అతను కదలడానికి ఎంతసేపు పట్టిందన్నది ఎక్కువ చెబుతుంది.

సెకనులో పదింట తొమ్మిది వంతులు

తర్వాత మయామీతో సిరీస్. మొదటి మూడు మ్యాచ్‌లూ పోయాయి. మూడోది 128-102. ఆటగాళ్లను సిద్ధం చేయలేకపోయానని మజుల్లా బహిరంగంగా తన మీదే వేసుకున్నాడు. ఎన్‌బీఏ చరిత్రలో 0-3 నుంచి తేరుకుని సిరీస్ గెలిచిన జట్టు లేదు. అక్కడి నుంచి సెల్టిక్స్ రెండు వరుసగా గెలిచింది. ఆరో మ్యాచ్ మయామీలో.

ఈ మ్యాచ్ ఆఖరి క్షణాలను కాస్త నిదానంగా చూద్దాం. కోచ్ నిర్ణయాన్ని ఫలితంతో కొలవడం ఎంత కష్టమో ఇక్కడ బాగా కనిపిస్తుంది. సెల్టిక్స్ 102, హీట్ 100. జిమ్మీ బట్లర్ షాట్ వేయబోతుంటే హోర్‌ఫర్డ్ ఫౌల్ చేశాడని రిఫరీ ఈల వేశాడు. గడియారంలో 2.1 సెకన్లు. బట్లర్‌కు రెండు ఫ్రీ త్రోలు (ఎవరూ అడ్డురాకుండా వేసే షాట్లు). మజుల్లా చాలెంజ్ చేశాడు.

వీడియోలో చూశారు. ఫౌల్ నిజమేనని తేలింది. పైగా బట్లర్ మూడు పాయింట్ల గీత వెనక ఉన్నాడని బయటపడింది. రెండు ఫ్రీ త్రోలు మూడయ్యాయి. అక్కడితో చూస్తే కోచ్ ఏరికోరి కొరివితో తల గోక్కున్నట్టే. కానీ అదే వీడియోలో ఇంకోటి తేలింది. ఫౌల్ జరిగిన క్షణానికి గడియారంలో 3.0 సెకన్లు ఉన్నాయి. ఆ మేరకు సరిచేశారు.

బట్లర్ మూడూ వేశాడు. 103-102. మిగిలింది మూడు సెకన్లు. స్మార్ట్ విసిరిన షాట్ గురితప్పి పైకి లేచింది. ఎవరూ పట్టించుకోని పక్క నుంచి పరుగెత్తుకొచ్చిన డెరిక్ వైట్ దాన్ని గాల్లోనే లోపలికి తోశాడు. బంతి అతని చేతిని వదిలేసరికి గడియారంలో 0.1 సెకను ఉంది. 104-103. చాలెంజ్ వల్ల దక్కిన ఆ 0.9 సెకను లేకపోతే ఈ బుట్ట లెక్కలోకి వచ్చేది కాదు.

ఇప్పుడు మజుల్లా నిర్ణయం మంచిదా చెడ్డదా? ఒక్క చాలెంజ్ ప్రత్యర్థికి ఒక పాయింట్ ఇచ్చింది, తనకు సెకనులో పదింట తొమ్మిది వంతులు తెచ్చింది. తను కోరింది మాత్రం రెండూ కాదు, ఫౌల్ రద్దు కావాలని కోరాడు. గెలిచారు కాబట్టి మేధావి, ఓడి ఉంటే మూర్ఖుడు అనడం సులువు. క్లబ్ యాజమాన్యం అలా లెక్కవేస్తే ఏ కొత్త కోచ్‌నూ నెల రోజులు ఉంచలేదు.

ఏడో మ్యాచ్ బోస్టన్‌లో మే 29న జరిగింది. మొదటి నిమిషంలోనే టేటమ్ చీలమండ మెలిపడింది. సెల్టిక్స్ 103-84తో ఓడింది. ఎనిమిదో స్థానం నుంచి వచ్చిన జట్టు చేతిలో, సొంత మైదానంలో.

ఓపిక పట్టినవాడు ఎవరు

మామూలుగా కత్తి దిగేది ఇక్కడే. ఎన్‌బీఏలో ఆటగాళ్ల కాంట్రాక్టులు చాలావరకు గ్యారంటీవి. జీతాల పరిమితి నిబంధనల వల్ల వాళ్లను ఇంకో జట్టుతో మార్చుకోవడం కూడా చిక్కుముడి. కోచ్ విషయంలో అలాంటి నిబంధన లేదు. మిగిలిన డబ్బు చెల్లించి పంపేస్తే సరిపోతుంది. అంటే జట్టులో ఒక్క పూటలో మార్చగలిగే పెద్ద భాగం కోచ్ ఒక్కడే. తప్పు ఎవరిదైనా వేటు అతని మీద పడటానికి సగం కారణం ఇది.

సెల్టిక్స్ ఆ పని చేయలేదు. నిర్ణయం బ్రాడ్ స్టీవెన్స్‌ది. బాస్కెట్‌బాల్ వ్యవహారాలన్నీ చూసే అధ్యక్షుడు అతను. పదేళ్ల ముందు అతను కూడా కొత్త కోచే.

2013 జులైలో 36 ఏళ్ల స్టీవెన్స్‌ను బట్లర్ యూనివర్సిటీ నుంచి తీసుకొచ్చి సెల్టిక్స్ హెడ్ కోచ్‌ను చేసింది. ఎన్‌బీఏలో అంతకుముందు ఏ పదవిలోనూ పనిచేయలేదు. క్లబ్ అతనికి ఆరేళ్ల కాంట్రాక్టు ఇచ్చింది. మొదటి సీజన్‌లో 25 గెలుపులు, 57 ఓటములు. రెండో ఏడాది 40, మూడో ఏడాది 48, నాలుగో ఏడాది 53 గెలుపులు. ఆరేళ్ల కాంట్రాక్టు అంటే జీతం ఒక్కటే కాదు. కోచ్ రేపో మాపో పోతాడని ఆటగాళ్లకు అనిపిస్తే అతని మాట చెల్లదు. క్లబ్ ముందే సంతకం చేస్తే ఆ ఊహాగానానికి చోటుండదు.

అదే వేసవిలో సెల్టిక్స్ తన ముసలి తారలు పాల్ పియర్స్, కెవిన్ గార్నెట్‌లను బ్రూక్లిన్ నెట్స్‌కు ఇచ్చేసింది. బదులుగా వచ్చే ఏళ్ల డ్రాఫ్ట్ (కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే పద్ధతి) హక్కులు తీసుకుంది. ఆ హక్కులతోనే తర్వాత జేలెన్ బ్రౌన్, జేసన్ టేటమ్ వచ్చారు.

బ్రూక్లిన్ కూడా అప్పుడే ఒక కొత్త కోచ్‌ను పెట్టుకుంది. జేసన్ కిడ్. జూన్ మొదట్లో ఆటగాడిగా రిటైరై, పది రోజులు తిరక్కుండానే హెడ్ కోచ్ అయ్యాడు. అసిస్టెంట్‌గా ఒక్క రోజు కూడా చేయలేదు. ఒకే మార్పిడి ఒప్పందంలో రెండు వైపులా ఇద్దరు కొత్త కోచ్‌లు. ఒకరి చేతిలో వయసుడిగిన తారలు, తక్షణం టైటిల్ కావాలన్న యాజమాన్యం. ఇంకొకరి చేతిలో కుర్రాళ్లు, ఆరేళ్ల కాగితం. ఒకే రకం తప్పు బోస్టన్‌లో పాఠం అయితే బ్రూక్లిన్‌లో సంక్షోభం అయ్యేది.

ఆ ఒత్తిడి ఎలాంటిదో చూడండి. 2013 నవంబర్ 27న లేకర్స్‌తో మ్యాచ్ ముగింపులో కిడ్ దగ్గర టైమౌట్లు అయిపోయాయి. అతను తన ఆటగాడు టైషాన్ టేలర్ ఢీకొనేలా చేసి చేతిలోని కూల్‌డ్రింక్‌ను కోర్టు మీద ఒలకబోశాడు. తుడిచేలోపు అసిస్టెంట్ ఒకరు ఎత్తుగడ గీశాడు. ఆ ఎత్తుగడా ఫలించలేదు, మ్యాచూ పోయింది, లీగ్ 50 వేల డాలర్ల జరిమానా వేసింది. వారం తిరగకముందే పక్కనుండి నేర్పాల్సిన అనుభవజ్ఞుడు లారెన్స్ ఫ్రాంక్‌ను కిడ్ బెంచ్ నుంచి తప్పించాడు. సీజన్‌లో 10 గెలిచి 21 ఓడిన ఆ జట్టు తర్వాత కోలుకుని 44 గెలుపుల దాకా వెళ్లింది. కిడ్ నేర్చుకోలేక కాదు, నేర్చుకున్నాడు. ఏడాదికే బ్రూక్లిన్ వదిలి మిల్వాకీ వెళ్లిపోవడంతో ఆ నేర్పు ప్రయోజనం బ్రూక్లిన్‌కు దక్కలేదు.

మజుల్లాను ఓడించిన హీట్ కోచ్ ఎరిక్ స్పోల్‌స్ట్రాది మాత్రం స్టీవెన్స్ లాంటి కథే. 1995లో హీట్ వీడియో గదిలో చిన్న ఉద్యోగంతో మొదలుపెట్టి 2008లో హెడ్ కోచ్ అయ్యాడు. 2010లో లెబ్రాన్ జేమ్స్, క్రిస్ బాష్ వచ్చి డ్వేన్ వేడ్‌తో కలిశారు. ఆ మహా జట్టు మొదటి 17 మ్యాచ్‌లలో ఎనిమిది ఓడింది. పైన కూర్చున్నది క్లబ్ అధ్యక్షుడు పాట్ రైలీ. 2005 డిసెంబర్‌లో అప్పటి కోచ్ స్టాన్ వాన్ గండీ తప్పుకోగా రైలీయే బెంచ్ మీదికి దిగి 2006లో టైటిల్ గెలిచిపెట్టాడు. మళ్లీ అదే చేస్తాడని అందరూ అనుకున్నారు. చేయలేదు. 2011 ఫైనల్స్‌లో ఓడినా చేయలేదు. 2012, 2013 టైటిళ్లు స్పోల్‌స్ట్రా కోచింగ్‌లోనే వచ్చాయి.

స్టీవెన్స్, రైలీ ఇద్దరిలోనూ ఒక పోలిక ఉంది. ఇద్దరూ ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లే. తెరమీద కనిపించే తప్పులో ఏది అనుభవంతో పోతుందో, ఏది మనిషి స్వభావంలోనే ఉందో వాళ్లు విడదీసి చూడగలరు. టైమౌట్ ఆలస్యం కావడం మొదటి రకం. ఆటగాళ్లు మాట వినడం మానేయడం రెండో రకం. 0-3 తర్వాత సెల్టిక్స్ ఆటగాళ్లు వరుసగా మూడు గెలిచారు. కోచ్‌ను వదిలేసిన జట్టు అలా ఆడదు.

స్టీవెన్స్ ఓపిక చేతులు కట్టుకుని కూర్చోలేదు. ఆ వేసవిలో బెంచ్ నింపాడు. మిల్వాకీలో 2021 టైటిల్ జట్టు అసిస్టెంట్ చార్లెస్ లీ వచ్చాడు. ఆటగాడిగా మూడు టైటిళ్లు గెలిచి, చాలా ఏళ్లుగా అసిస్టెంట్‌గా ఉన్న సామ్ కసెల్ వచ్చాడు. జట్టు కూడా మారింది. స్మార్ట్ వెళ్లాడు, క్రిస్టాప్స్ పోర్జింగిస్, జ్రూ హాలిడే వచ్చారు. ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పుకోవాలి. 2023-24లో వచ్చిన 64 గెలుపుల్లో కోచ్ ఎదుగుదల వాటా ఎంత, మెరుగైన ఆటగాళ్ల వాటా ఎంత అన్నది విడదీసి చెప్పలేం. ప్లేఆఫ్స్‌లో 16 గెలిచి మూడే ఓడారు. 2024 జూన్ 17న డాలస్‌ను 106-88తో ఓడించి ఫైనల్స్‌ను 4-1తో ముగించారు. సెల్టిక్స్‌కు అది 18వ టైటిల్. 1969లో ఆటగాడు-కోచ్‌గా గెలిచిన బిల్ రసెల్ తర్వాత ఇంత చిన్న వయసులో టైటిల్ గెలిచిన కోచ్ లేడు. ఆ రాత్రి డాలస్ బెంచ్ దగ్గర నిలబడ్డ కోచ్ జేసన్ కిడ్.

తొందరపడ్డవాళ్ల లెక్క

అదే సీజన్‌లో మిల్వాకీ బక్స్ ఇంకో దారి పట్టింది. ఏళ్ల తరబడి అసిస్టెంట్‌గా చేసిన ఏడ్రియన్ గ్రిఫిన్‌ను తొలిసారి హెడ్ కోచ్‌ను చేసింది. సీజన్‌కు కొద్ది రోజుల ముందు అనుభవజ్ఞుడైన అసిస్టెంట్ టెర్రీ స్టాట్స్ వెళ్లిపోయాడు. 30 గెలుపులు, 13 ఓటములతో ఉన్నప్పుడు, 2024 జనవరి 23న, గ్రిఫిన్‌ను తొలగించారు.

కాగితం మీద వింతగా కనిపించే నిర్ణయమే. కానీ లోపల ఒక లెక్క ఉంది. గెలుస్తున్నా జట్టు డిఫెన్స్ దిగజారింది. కొత్త కోచ్ తెచ్చిన పద్ధతి నచ్చక పాతదానికి వెళ్దామని ఆటగాళ్లే అడిగారు. కొత్తగా తెచ్చుకున్న తార డేమియన్ లిల్లార్డ్‌కు అప్పటికి 33 ఏళ్లు. అతని కోసం క్లబ్ భవిష్యత్తు డ్రాఫ్ట్ హక్కులు ధారపోసింది. నేర్చుకునేదాకా ఆగుదామంటే ఆ ఆటగాళ్ల మంచి రోజులు ఆగవు. గ్రిఫిన్ చోట్లో డాక్ రివర్స్ వచ్చాడు. మిగిలిన సీజన్‌లో 17 గెలిచి 19 ఓడాడు. మొదటి రౌండ్‌లోనే జట్టు ఇంటికెళ్లింది. జట్టు ప్రధాన తార యానిస్ ఆంటెటొకున్పో గాయంతో ఆ సిరీస్ ఆడలేదన్నదీ గుర్తుపెట్టుకోవాలి.

దీనికి పూర్తి విరుద్ధమైన ఉదాహరణ క్లీవ్‌లాండ్. 2016 జనవరిలో డేవిడ్ బ్లాట్‌ను 30-11 రికార్డు మీద తీసేశారు. యూరప్‌లో ఎంతో పేరున్న కోచ్, ఎన్‌బీఏకు కొత్త. అంతకుముందు ఏడాదే జట్టును ఫైనల్స్ దాకా తెచ్చాడు. అతని చోట్లో కూర్చున్న టైరన్ లూ అంతకుముందు ఎన్నడూ హెడ్ కోచ్‌గా చేయలేదు. ఆ జూన్‌లో ఫైనల్స్‌లో 1-3తో వెనకబడి కూడా క్లీవ్‌లాండ్ టైటిల్ గెలిచింది. అంటే తొందరపాటు కూడా ఒక కొత్త కోచ్‌నే నమ్ముకుంది. ఎన్‌బీఏలో హెడ్ కోచ్‌గా అనుభవం తక్కువన్నది ఇద్దరి విషయంలోనూ నిజమే. తేడా ఆటగాళ్లు ఎవరి మాట వింటున్నారన్న దగ్గర.

టైటిల్ గెలిచాక కూడా కోచ్ మీద ప్రశ్నలు ఆగవు. 2025 ప్లేఆఫ్స్‌లో న్యూయార్క్‌తో మొదటి రెండు మ్యాచ్‌లలోనూ సెల్టిక్స్ సొంత మైదానంలో 20 పాయింట్ల ఆధిక్యం పోగొట్టుకుంది. మొదటి మ్యాచ్‌లో 60 త్రీ పాయింటర్లు వేస్తే 45 తప్పాయి. సిరీస్ 2-4తో పోయింది. పాత విమర్శ మాటల మార్పు లేకుండా తిరిగొచ్చింది. ఆ వేసవిలోనే క్లబ్ మజుల్లా కాంట్రాక్టును పొడిగించింది.

అదే ఏడాది ఇంకో మొదటి సంవత్సరం కోచ్ ఇలాంటి పరీక్షకే గురయ్యాడు. జేజే రెడిక్. చాలా ఏళ్లు ఎన్‌బీఏ ఆడి, తర్వాత టీవీలోనూ పాడ్‌కాస్ట్‌లోనూ ఆటను విడమరిచి చెప్పి పేరు తెచ్చుకుని, కోచింగ్ అనుభవం లేకుండానే 2024లో లాస్ ఏంజిలెస్ లేకర్స్ పగ్గాలు పట్టాడు. 50 గెలుపులు సాధించాడు. 2025 ఏప్రిల్ 27న మినసోటాతో నాలుగో మ్యాచ్ రెండో సగంలో, 24 నిమిషాలూ అదే ఐదుగురిని ఆడించాడు. ఒక్క మార్పు లేదు. అందులో ఒకరు నలభై ఏళ్ల లెబ్రాన్ జేమ్స్. పది పాయింట్ల ఆధిక్యంతో చివరి పన్నెండు నిమిషాల్లోకి వెళ్లి 116-113తో ఓడారు. సిరీస్ కూడా 1-4తో పోయింది.

లెబ్రాన్ ఒక్కడి మీదే ఆధారపడిన జట్టయితే రెడిక్‌కు రెండో అవకాశం దొరకడం కష్టమయ్యేది. కానీ ఆ ఫిబ్రవరిలో లేకర్స్ ఇరవయ్యైదేళ్ల లూకా డాన్చిచ్‌ను తెచ్చుకుంది. క్లబ్ ఇక చూసేది రాబోయే ఏడెనిమిదేళ్లు. అందులో కోచ్ నేర్చుకోవడానికీ చోటుంది. సెప్టెంబర్‌లో రెడిక్ కాంట్రాక్టు పొడిగించారు. అలాంటి రాత్రి మళ్లీ ఎదురైనప్పుడు ఆరో ఆటగాడిని ఏ నిమిషంలో లేపుతాడో చూడాలి.